ఏడో భాగంలో తప్పు

1950, మాఘ మాసం, బేస్తవారం

పిట్టా,

నువ్వు నేర్పిన అక్షరాలతో నీకే రాస్తున్నాను. ఊరికి నువ్వు సంజీవవు. అడవిలో నీకు ఇంకో పేరు పెట్టారట, అది నాకు చెప్పలేదు. నాకు మాత్రం పిట్టవే. నీ పాత లెక్కల నోటుబుక్కు సగం ఖాళీగా ఉంది, అందులో రాస్తున్నాను. ఎవరికీ చూపించను.

ఈ పూట లంబాడి మంగీలాల్ వచ్చాడు. ఎడ్లను పెద్దవంగర బాట మీద వదిలి ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ గడప దగ్గరే "యాడీ, సల్ల పొయ్యి" అని, వాళ్ల మాటలో అమ్మా అని పిలుస్తూ, కేకేసేవాడు, ఈసారి ఏమీ అడగలేదు. భూపాలపల్లి అడవిలో మిలిటరీ వాళ్లు ముగ్గురిని కాల్చారట. అందులో నువ్వు ఒకడివట. పది రోజులైందట. అతను చెప్తున్నంతసేపూ నేను చింతపండులో గింజలు తీస్తూనే ఉన్నాను.

"యాడీ, ఏడువు. గిట్ల కూసోకు," అన్నాడు.

"ఏడిస్తె వాడకట్టంత వస్తది. వస్తె అడుగుతరు," అన్నాను.

ఎద్దు వీపు మీద పరిచిన గంత కింద దాచి తెచ్చిన నీ కథ పుస్తకం నా ముందు పెట్టి పోయాడు.

శుక్రవారం

మంగీలాల్ తన కళ్లతో చూడలేదు. దళంలో శారద అనే పిల్ల చూసిందట. ఆమె చెప్తే ఇతను విన్నాడు. చెట్ల సందున, పరుగులో, ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుంది?

శనివారం

తెలుస్తుంది.

సోమవారం

నీ కథ మొదటి నుంచి చదివాను. "చంద్రుని మీద బావి." ఆరు భాగాలు. చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాను.

నలుగురు ఇనుప గోళం ఎక్కి చంద్రుని మీదికి పోతారు. యాదగిరి, ఒక కమ్మరి, ఒక గొర్రెల కాపరి, ఒక మంత్రసాని. ఏ దొరా ఇంకా హద్దురాయి పాతని నేల అదొక్కటే. అక్కడ ముందు బావి తవ్వాలి, నీళ్లు పడితే వెట్టి చేసేవాళ్లందరినీ తీసుకుపోవాలి. ఇది నీకు ఎట్లా తట్టిందిరా? జనగామ బడిలో సైన్సు సారు ఏదో చెప్తే నువ్వు దాన్ని ఇట్లా చేసుకున్నావు. ఐదో భాగంలో గొర్రెల కాపరి లోయలో పడి చచ్చిపోయాడు. ఆరో భాగం చివర యాదగిరి బావిలోకి దిగాడు. తాడు తెగింది. అక్కడ ఆపేశావు.

వెనక పేజీలు కూడా చదివాను. అది నువ్వు పెట్టిన పద్ధతే. పుస్తకం ఏ ఊరికి పోతే ఆ ఊళ్లో విన్నవాళ్లు, మంచైనా చెడైనా, మనసులో ఉన్నది వెనక రాసి పంపాలి. పాలకుర్తి వాళ్లు గోళం లోపలి వేడి గురించి చదువుతుంటే తమకే చెమటలు పట్టాయని రాశారు. జఫర్‌గఢ్ వాళ్లు "మంత్రసానికి నాలుగు భాగాల నుంచి పని లేదు, ఆమెను ఎందుకు తీస్కపోయినవు?" అని రాశారు. దాని పక్కన నీ చేత్తో "నిజమే, తప్పు నాది" అని ఉంది.

నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు నువ్వు.

మంగళవారం

తాటిచెట్లు గీసే పోశాలు దారిలో ఆపాడు. చెట్టు దిగి నడుముకు కట్టిన మోకు కూడా విప్పలేదు.

"అక్కా, ఏడో భాగం వచ్చిందా? యాదగిరి బతికిండా?"

"రాలె ఇంక."

"నెల సంది పానం కొట్టుకుంటున్నదక్కా. నేను మోకు మీద బతికెటోన్ని. తాడు తెగుడంటే ఏందో నాకెరుక. నీ కొడుకు గాన్ని సంపెటట్టున్నడా ఏంది?"

"సంపడు," అన్నాను.

ఆ మాట నేను అనలేదు, నోరు అన్నది.

ఐతారం

ఏడో భాగం రాశాను.

నీ అక్షరాల మీదే బలపం దిద్దిదిద్ది నేర్చుకున్నదాన్ని. నా రాత నీ రాత ఒక్కటే, ఎవరూ పోల్చలేరు. మంగీలాల్‌తో నోరు విప్పొద్దని చెప్పాను. కథ ఆగితే జనం ధైర్యం చెడుతుంది. జనం కోసమే రాశాను.

ఇందులో యాదగిరి బావి అడుగున పడి ఉంటాడు. భూమి మీద వాళ్లమ్మ వాకిట్లో నిలబడి కొడుకును పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు చంద్రుని దాకా పోతుంది. అతను విని లేచి, రాళ్లు పట్టుకుని పైకి ఎక్కుతాడు. రాస్తుంటే చేయి ఆగలేదు, ఎక్కడా తడబడలేదు.

జనం కోసమే.

శివరాత్రి పోయిన మూడో నాడు

కమ్మరి లచ్చయ్య కొలిమి దగ్గర చదివారు. మిలిటరీ క్యాంపు వాళ్లు వస్తే చూపించడానికి అందరూ తలా ఒక కొడవలి పట్టుకుని, పని చేయించుకోవడానికి వచ్చినట్టు కూర్చుంటారు. తిత్తి నేను ఊదాను. చదివింది ఎప్పటిలాగే రూతు. మిషన్ బడిలో చదివిన పిల్ల, ఆమె చదివితే గుడ్డివాళ్లకు కూడా చంద్రుడు కనబడతాడు.

పిలుపు దగ్గరికి వచ్చేసరికి పోశాలు ఏడ్చాడు. రూతు మాత్రం ఆగింది. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి ఏదో చూసుకుంది. నా వైపు చూసింది. మళ్లీ చదివింది.

"మంచిగున్నది గని..." అన్నాడు లచ్చయ్య. అతను గని అంటే ఇక పొద్దు గూకేదాకా వదలడు. "మొదటి భాగంల గోళానికి రేకులెన్ని, అతుకులెన్ని, అన్ని చెప్పిండు. నేను సుత్తె పక్కకు వెట్టి ఇన్న. గిప్పుడేమో గడ్డపార అంటడు, గడ్డపార ఎంత పొడుగో చెప్పడు. అక్కడ బరువు తక్కువ అన్నది వీడే గద? బరువు లేని గడ్డపార నేలల ఎట్ల దిగుతది?"

"నీకు ఇనుమే గావాలె. మనిషి బతికిండు, సాలదా?" అన్నాడు పోశాలు.

"బతికిచ్చెటోడు తాడెందుకు తెంపిండు? నిన్ను ఏడిపియ్యనీకా?"

"లచ్చన్నా, నువ్వెప్పుడన్న తాడిచెట్టు ఎక్కినవా?"

"నువ్వెప్పుడన్న చంద్రుని మీదికి పోయినవా?"

"నేను అడిగేది ఒక్కటే," అన్నాడు పోశాలు, కళ్లు తుడుచుకుంటూనే. "అంత లోతు బావి తవ్విండ్రు గద. తీసిన మట్టి ఏడబోసిండ్రు? ఒక్క భాగంల అన్న చెప్పిండా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, పిట్టా. నీ వార్త విని నెల తిరగక ముందే నవ్వాను. ఇక్కడ రాసిపెడుతున్నాను, నీ దగ్గర దాచకూడదని.

పుస్తకం మంగీలాల్ ఎడ్లతో పోయింది.

ఫాల్గుణం, బుధవారం

నీకు దినం చేయలేదు. చేస్తే ఎవరికని అడుగుతారు.

కామునిపున్నమి తెల్లారి

పుస్తకం వచ్చింది. పాలకుర్తిలో ఆడవాళ్లకు ఏడో భాగం బాగా నచ్చిందట, రెండుసార్లు చదివించుకున్నారట. చాలా సంతోషమైంది. ఆ సంతోషంతోనే పేజీ తిప్పాను.

"నాలుగో భాగంలో చంద్రుని మీద గాలి లేదని ఉన్నది. గాలి లేని చోట చప్పుడు నడవదు. అందుకే ఈ కథలో వాళ్లు ఇనుప టోపీలు ఒకదానికొకటి ఆనించి మాట్లాడుకుంటారు. ఈ కథలో అన్నిటికంటే మంచి ఊహ అదే. ఏడో భాగంలో తల్లి పిలుపు ఎట్లా వినబడింది? ఇది తప్పు. శారద."

చూసింది ఈమే. చెప్పి పంపింది ఈమే. ఇప్పుడు తప్పులు పడుతున్నది కూడా ఈమే.

తల్లి పిలుపుకు గాలి కావాలా? కన్నదా ఈ పిల్ల ఎవరినైనా?

అదే రోజు

చప్పుడుకు గాలి కావాలని నాలుగో భాగంలో నువ్వే రాశావు. చూశాను. కింద గీత కూడా గీశావు.

శుక్రవారం

ఎనిమిదో భాగం రాశాను. చంద్రుని మీద వాన కురిపించాను. వానతోపాటు గాలి వచ్చింది. గాలి ఉంటే ఇంక ఆ శారద ఏమంటుంది? లోయలో పడ్డ గొర్రెల కాపరి కూడా లేచి వచ్చాడు. చచ్చిపోలేదు, నిద్రపోయాడు. చివర యాదగిరి తల్లి "ఇగ సాలు బిడ్డా, అందరు ఇండ్లకు రండి" అని పిలుస్తుంది. అందరూ గోళం ఎక్కుతారు.

ఇంతకన్నా మంచి భాగం నువ్వు కూడా రాయలేదు.

ఉగాది పోయిన నాలుగో నాడు

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పుస్తకం ఈసారి ముందు పై ఊళ్లన్నీ తిరిగి, చివరికి మన కొలిమి దగ్గరికి వచ్చింది. రూతు చదువుతుంటే ఎవరూ ఏడవలేదు. వాన దగ్గర ఎవరో ఆవలించారు. అయిపోయాక లచ్చయ్య "గని" కూడా అనలేదు.

"ఐదో భాగంల సచ్చినోడు నిద్రపోయిండా?" అన్నాడు. "నెలరోజులు నిద్రపోయిండా లోయల? గీ కథల ఇగ ఎవలు సావరు. దెబ్బ గూడ తాకదు. నేనెందుకు ఇనాలె?"

"ఒక్క భాగం మంచిగ లేకపోతె ఏమాయె?" అన్నాడు పోశాలు. కానీ గొంతులో బలం లేదు.

"ఒక్క భాగం గాదు పోశాలూ. ఆరు భాగాలు ఒక మనిషి రాసిండు, రెండు భాగాలు ఇంకో మనిషి రాసిండు. చేతిరాత గదే, మనిషి గాదు." దొరికిపోయాననుకున్నాను. అతను మాత్రం నిప్పుల వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. "వాడు మెత్తబడ్డడు. మానుకోటోళ్లు వెనక ఏం రాసిండ్రో సదువు, రూతూ."

"వద్దన్నా," అంది రూతు.

"సదువు. రాసింది సదవాలెనని వాడే పెట్టిండు."

రూతు చదివింది. "అందరు ఇండ్లకు రండి అని క్యాంపు వాళ్లు దినాం డప్పు కొట్టించి చెప్తున్నారు. ఇప్పుడు ఈ కథ కూడా అదే చెప్తున్నది. సంజీవ లొంగిపోయి, క్యాంపులో కూర్చుని, వాళ్లు చెప్పింది రాస్తున్నాడా? ఇక ఈ పుస్తకం మా ఊరికి పంపొద్దు."

నేను తిత్తి వదిలేశాను. నిప్పులు నల్లబడుతున్నా ఎవరూ నన్ను ఊదమనలేదు. అందరూ నేలచూపులు చూస్తున్నారు. నా మీద జాలి. లొంగిపోయినవాడి తల్లి అని జాలి.

పిట్టా, నిన్ను వాళ్లు ఒకసారి చంపారు. నేను ఈ రెండు భాగాలతో ఏం చేశానో చూడు.

మరునాడు

మధ్యాహ్నం రూతు వచ్చింది. గంపలో మామిడికాయలు తెచ్చింది, అడగడానికి ఏదో ఒక సాకు ఉండాలి కదా. కూర్చుని చాలాసేపు గంపనే సర్దింది.

"సత్తక్కా, ఒక మాట అడుగుత, తిట్టద్దు. ఆరు భాగాలల్ల యాదగిరికి అమ్మ లేదు."

"ఉంటది. రాయలేదంతే."

"లేదక్కా. నేను మళ్లమళ్ల సూసిన. గోళం ఎక్కెటప్పుడు గూడ ఎవలు సాగనంపలే. ఏడోదాంట్ల ఒక్కపారి అమ్మ వచ్చింది, వాకిట్ల నిలవడ్డది. గప్పుడే అనుకున్న, రాసింది నువ్వేనని."

ఆ సంగతి నేను చూడనే లేదు. నువ్వు అందరినీ పెట్టావు, కమ్మరిని, కాపరిని, మంత్రసానిని. నన్ను పెట్టలేదు.

"ఎందుకు పెట్టలేదే రూతూ?" అన్నాను.

"పెడితె నువ్వు పోనిస్తవా?"

ఆమె గంప పక్కకు జరిపింది.

"ఎన్ని దినాలాయె?" అంది.

"పుష్యం ఆఖర్ల."

ఆమె నా చేయి పట్టుకుంది. అప్పుడు ఏడ్చాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, వాడకట్టుకు వినబడకుండా. వాడకట్టుకు నేను చెప్పేదాకా నువ్వు చెప్పొద్దని మాట తీసుకున్నాను. పుస్తకంలోనే చెప్తాను. చెడ్డ పేరు పుస్తకంతోనే ఊరూరా పోయింది, అది పోయిన దారినే ఇదీ పోవాలి.

మూడు రోజులు

రాయడం కావడం లేదు.

రాస్తే అయిపోతుంది.

సోమవారం

తొమ్మిదో భాగం. నీకు ముందు వినిపిస్తాను.

"ఏడో భాగం, ఎనిమిదో భాగం జరగలేదు. చంద్రుని మీద వాన లేదు, గాలి లేదు. తాడు తెగి యాదగిరి బావి అడుగున పడ్డాడు. భూమి మీద తల్లి పిలిచింది. రోజూ పిలిచింది. వినబడలేదు. వినబడదని ఆమెకు తర్వాత తెలిసింది. కమ్మరి గోళంలోని గొలుసులన్నీ కలిపి తాడు చేసి బావిలోకి దిగాడు. తన టోపీని యాదగిరి టోపీకి ఆనించి విన్నాడు. తర్వాత మంత్రసాని దిగింది. బిడ్డ పుట్టగానే ఊపిరి ఉందో లేదో మొదట చూసేది ఆమే. ఆమె చాలాసేపు ఆనించి విన్నది. లేచి, లేదు అని తల ఊపింది. ఇద్దరూ అతన్ని పైకి తెచ్చి, తవ్విన మట్టితోనే కప్పారు. ఆ మట్టి బావికి తూర్పున కుప్ప పోసి ఉన్నది. మరునాడు ఇద్దరూ మళ్లీ బావిలోకి దిగి తవ్వారు."

కింద ఇట్లా రాశాను: "చివరి మూడు భాగాలు రాసింది నేను, సంజీవ తల్లి సత్తమ్మను. సంజీవను పుష్యమాసం చివర భూపాలపల్లి అడవిలో మిలిటరీ వాళ్లు కాల్చారు. నా కొడుకు లొంగలేదు. ఇండ్లకు రమ్మన్నది నేను. తప్పు నాది."

బేస్తవారం

కొలిమి దగ్గర రూతు చదివింది. చివరి వాక్యాల దగ్గర ఆమె ఆగితే, పుస్తకం తీసుకుని నేనే చదివాను. తడబడుతూ చదివాను. అంతమంది ముందు చదవడం నాకు అదే మొదలు.

పోశాలు లేచి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. లచ్చయ్య కొలిమి వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక నా ముందు నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు.

"సత్తవ్వా, నా నాలుకను గీ సుత్తెతోని కొట్టు."

"నువ్వు కథను అన్నవు లచ్చన్నా. కథను అననీకే గద వాడు వెనక పేజీలు పెట్టింది. నువ్వు అనకపోతె నేను ఇంక పది భాగాలు గట్లనే రాద్దును."

అతను ముఖం తుడుచుకున్నాడు. పోబోయి ఆగాడు.

"గొలుసులు కలిపి తాడు చేసుడు... గది మంచిగ రాసినవు. గట్ల చెయ్యొచ్చు."

"మట్టి గూడ చెప్పింది," అన్నాడు పోశాలు, ఏడుస్తూనే. "తూర్పుకు బోసిండ్రంట."

చైత్రం చివర, ఐతారం

ఈ రోజు నీకు దినం చేశాను, నెలలు దాటిపోయిన తర్వాత. క్యాంపు భయానికి ఎక్కువ మందిని పిలవలేదు, అయినా ఇల్లు నిండింది. జఫర్‌గఢ్ నుంచి ఇద్దరు, మానుకోట నుంచి ఒకాయన నడిచి వచ్చారు. లొంగిపోయాడా అని రాసింది తానేనని ఆ మానుకోట ఆయన నాతో అన్నాడు. అని, విస్తరి ముందు కూర్చుని తినలేకపోయాడు. నేనే దగ్గర కూర్చుని తినిపించాను.

ఏం మాట్లాడుకున్నారనుకున్నావు? నీ కథే. తిన్నంతసేపూ పోట్లాడుకున్నారు. ఏడో భాగం చింపేయాలా ఉంచాలా అని.

"చింపాలె. తప్పు రాత పిల్లలకు నేర్పద్దు," అన్నాడు జఫర్‌గఢ్ ఆయన.

"ఎవడు చింపుతడో రాండ్రి," అన్నాడు పోశాలు. "నాకు గదే నచ్చింది. తప్పని ఎరికయినంక గూడ నాకు గదే నచ్చింది."

"నచ్చితె ఒప్పయితదా?"

"ఒప్పని ఎవడన్నడు? నచ్చింది అన్న."

రూతు చివరికి తేల్చింది. "చింపద్దు. పక్కన తప్పు అని రాసి ఉంచుదం. మంత్రసాని కాడ సంజీవ గట్లనే రాసిండు."

ఒప్పుకున్నారు. లచ్చయ్య మాత్రం గడ్డపార సంగతి ఇంకా తేలలేదని అంటూనే చేయి కడుక్కున్నాడు. నీ దినం నాడు ఇంటి నిండా గొడవ. నువ్వుంటే నువ్వే అందరికంటే గట్టిగా అరిచేవాడివి.

వైశాఖం, మంగళవారం

మంగీలాల్ శారద ఉత్తరం తెచ్చాడు. ఏడో భాగం చదవగానే రాసింది నువ్వు కాదని ఆమెకు తెలుసట. ఎవరో తెలియదు గానీ, ఎవరైనా సరే నీ కథను నువ్వు రాసుకున్నంత జాగ్రత్తగా రాయాలని ఆ తప్పు పట్టిందట. తల్లి అని తెలిసుంటే పట్టేదాన్ని కాదేమోనని రాసింది. మళ్లీ కింద, కాదు, తెలిసినా పట్టేదాన్నే అని రాసింది. అక్కడ ఈ పిల్ల మీద నా కోపం పోయింది.

ఆ పూట ఆమె నీ పక్కనే ఉన్నదట. నువ్వు ఎక్కువసేపు బాధపడలేదట. ఎవరినీ పిలవలేదట. ఆ వాక్యం చాలాసార్లు చదివాను.

పదో భాగం రాయమని దళంలో అందరూ ఆమెను అడుగుతున్నారట. మిగిలిన ఇద్దరూ బావి తవ్వాలి కదా. నీ కథలోకి తల్లి వచ్చింది కాబట్టి ఇక ఆమెను తీసేయనని, భూమి మీద ఆ తల్లి రోజంతా ఏం చేస్తుందో తనకు తెలియదని, చెప్పమని అడిగింది.

నేను ఏం చేస్తానో ఈ నోటుబుక్కులో ఉంది. మంగీలాల్ రేపు పొద్దున ఎడ్లు కడతాడు. అతనికి ఇచ్చి పంపుతున్నాను.

శారదా, ఇది పిట్టకు రాసింది, అందుకే ముందు పేజీల్లో నీ మీద కోపం ఉంటుంది. అది అప్పటిది. నీకు కావలసింది తీసుకో. యాదగిరి తల్లిని మరీ మంచిదాన్ని చేయకు, ఎవరూ నమ్మరు. నీ భాగం ఇక్కడికి వస్తే కొలిమి దగ్గర నేనే చదువుతాను, తప్పులుంటే వెనక పేజీల్లో రాస్తాను, ఊరుకోను. నీ ఉత్తరంలో అక్షరాలు వణికాయి, జ్వరమో ఆకలో నాకు తెలియదు. మంగీలాల్‌తో జొన్నపిండి, కారం, కాస్త నెయ్యి పంపుతున్నాను. అందరికీ పంచి నువ్వు పస్తు ఉండకు. కూర్చుని, కడుపునిండా తిను బిడ్డా.